మూడు భాషల ‘తమ్ముడు’

ఆటల పోటీ చుట్టూ అల్లిన తెలుగు ప్రేమ హాస్య చిత్రాల్లో ముందుగా చెప్పుకోవలసింది ‘తమ్ముడు’. 1999 జులై 15న విడుదలైన ఈ సినిమాకు పి.ఎ. అరుణ్ ప్రసాద్ దర్శకుడు, బూరుగుపల్లి శివరామకృష్ణ నిర్మాత, రమణ గోగుల సంగీత దర్శకుడు. పవన్ కల్యాణ్, ప్రీతి జంగియాని, అదితి గోవిత్రికర్, అచ్యుత్ ప్రధాన పాత్రధారులు. విశాఖపట్నంలో నడిచే ఈ కథ కాలేజీల మధ్య జరిగే కిక్‌బాక్సింగ్ పోటీతో ముగుస్తుంది. అందుకే చాలామంది దీన్ని ఆట సినిమాగానో, పవన్ కల్యాణ్ ఫైట్ల సినిమాగానో గుర్తుపెట్టుకున్నారు. ఆ గుర్తింపు సగమే సరైనది. సినిమా నిలిచింది బరిలో గెలుపు వల్ల కాదు. హీరో విలువ ఊరికీ కన్నతండ్రికీ తెలియకముందే ఒక అమ్మాయికి తెలుసు. మిగతా కథంతా ఆ తెలిసిన విషయం నలుగురికీ రుజువయ్యే దారి. ఇందులో ఆట పని ప్రేమకథ తీర్పును బహిరంగంగా చదివి వినిపించడం. ఈ మాటకు గట్టి ఆధారం సినిమా లోపల కొంత దొరికితే, అది పక్క భాషల్లోకి వెళ్ళిన తీరులో ఎక్కువగా దొరుకుతుంది.

ఆ తీరును గమనించడానికి హోసూరు, కృష్ణగిరి ప్రాంతాన్ని మించిన చోటు లేదు. తమిళనాడు వాయవ్య మూలన ఉన్న ఈ నేల ఒకవైపు కర్ణాటకను, మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం సీమను ఆనుకుని ఉంటుంది. హోసూరు నుంచి బెంగళూరు సుమారు 40 కిలోమీటర్లు. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఇది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మొదట సేలం జిల్లాలో, 1965 నుంచి ధర్మపురి జిల్లాలో ఉన్న ఈ తాలూకాలతో 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. అంటే ‘తమ్ముడు’ వచ్చేనాటికి ఇదంతా ధర్మపురి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, బెంగళూరు పనుల్లో కన్నడం వాడే కుటుంబాలు ఇక్కడ లెక్కకు మించి ఉన్నాయి. ఒకే కథ ఈ మూడు భాషల్లో రెండేళ్ళ వ్యవధిలో తయారైతే, ఆ మూడింటినీ సబ్‌టైటిళ్ళ అవసరం లేకుండా పక్కపక్కన పెట్టి చూడగలిగే ప్రేక్షకులు దేశంలో చాలా కొద్దిచోట్లే ఉంటారు. ‘తమ్ముడు’ సరిగ్గా అలాంటి కథ. 1999లో తెలుగులో వచ్చింది. 2001లో తమిళంలో ‘బద్రి’గా, అదే సంవత్సరం కన్నడంలో ‘యువరాజ’గా వచ్చింది. తర్వాత 2003లో బెంగాలీలో ‘ఛాంపియన్’ అయింది.

కథ తెలిసిందే అయినా అందులో హాస్యం ఎక్కడ పుడుతుందో చూడాలి. సుబ్బు చదువు మీద ధ్యాస లేని కుర్రాడు. అన్న చక్రి క్రమశిక్షణ గలవాడు, కిక్‌బాక్సింగ్ ఆటగాడు, తండ్రి ఆశలన్నీ అతని మీదే. సుబ్బు చిన్ననాటి స్నేహితురాలు జానకి. అతని మీద ప్రేమను మనసులోనే దాచుకుని, అతను అడిగిన సాయమల్లా చేస్తుంటుంది. సుబ్బు మాత్రం లవ్లీ అనే డబ్బున్న అమ్మాయి వెంటపడి, తానూ కలవారి బిడ్డనేనని నమ్మిస్తాడు. హాస్యమంతా ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి అతను పడే తంటాల్లో ఉంది. ఎరువు తెచ్చుకున్న కారు, ఎరువు తెచ్చుకున్న దర్జా, ఏ క్షణాన బయటపడుతుందోనన్న భయం. ఎరువు సొమ్ము ఎంతోకాలం నిలవదు కదా. అబద్ధం బయటపడుతుంది, లవ్లీ దూరమవుతుంది, ఇంట్లో తండ్రి కోపం హద్దు దాటుతుంది. అన్నను ప్రత్యర్థి రోహిత్ ముఠా కొట్టి ఆసుపత్రి పాలు చేస్తుంది. అన్న స్థానంలో బరిలోకి దిగడానికి సుబ్బు సిద్ధమవుతాడు. ఆ సిద్ధమయ్యే క్రమంలోనే జానకి ఎవరో అతనికి అర్థమవుతుంది. ఇలా వరసగా చెప్పుకుంటే ఒక సంగతి తేలుతుంది. సినిమాలో మొదటి సగం మొత్తం ప్రేమ హాస్యమే. ఆట అప్పటిదాకా అన్న బతుకులో ఒక భాగంగా పక్కన ఉంటుంది. ప్రేమ విషయంలో హీరో తప్పుదారి పట్టాడని తేలాకే అది అతని చేతికి వస్తుంది.

ఈ కథ మూలం తెలుగు కాదన్నది అందరూ చెప్పే మాట, నిజమైన మాట. 1992లో మన్సూర్ ఖాన్ తీసిన హిందీ చిత్రం ‘జో జీతా వహీ సికందర్’ దీనికి దగ్గరి పూర్వీకురాలు. ఆమిర్ ఖాన్, ఆయేషా జుల్కా, పూజా బేడీ నటించిన ఆ చిత్రంలో కాలేజీల మధ్య సైకిల్ పందెం ఉంటుంది. దానికి కూడా ఒక పెద్ద దిక్కు ఉందని విమర్శకులు చూపిస్తారు. పీటర్ యేట్స్ 1979లో తీసిన అమెరికన్ చిత్రం ‘బ్రేకింగ్ అవే’ అది. ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్‌టన్ ఊరు, అక్కడి విశ్వవిద్యాలయంలో జరిగే ‘లిటిల్ 500’ సైకిల్ పందెం దాని నేపథ్యం. స్టీవ్ టెసిచ్‌కు ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే ఆస్కార్ తెచ్చిన రచన అది. రాళ్ళ గనుల్లో పనిచేసిన కుటుంబానికి చెందిన కుర్రాడు తాను ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థినని ఒక కాలేజీ అమ్మాయిని నమ్మిస్తాడు. నిజం చెప్పిన రోజున చెంపదెబ్బ తింటాడు. తర్వాత తన ఊరి కుర్రాళ్ళతో కలిసి కాలేజీ జట్లను ఓడిస్తాడు. మూడు సినిమాలనూ కలిపి చూస్తే, వేషం వేసి ప్రేమించడం, వేషం ఊడిపోవడం, ఊడిపోయాక అసలు మనిషిగా పోటీలో నిలబడడం మూడింటిలోనూ ఉన్నాయి. ఆట మాత్రం మారింది. సైకిల్ పోయి కిక్‌బాక్సింగ్ వచ్చింది. కథకు ఆటే ప్రాణమైతే, దాన్ని మార్చగానే కథ చితికిపోవాలి. అలా జరగలేదు.

అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి ఉంది, దాన్ని తరచుగా ఎవరూ ఎత్తి చూపరు. అమెరికన్ చిత్రంలో కథానాయకుణ్ణి మొదటి నుంచీ ప్రేమిస్తూ పక్కనే ఉండే అమ్మాయి లేదు. మోసపోయిన అమ్మాయి తన దారిన వెళ్ళిపోతుంది, చివర్లో కుర్రాడి ముందుకు ఫ్రాన్స్ నుంచి వచ్చిన మరో విద్యార్థిని వస్తుంది. ఆటా, వేషమూ, తండ్రీ, ఊరి అభిమానమూ అక్కడివే. అంజలి అనే చిన్ననాటి నేస్తం మాత్రం హిందీలో చేరిన పాత్ర. తెలుగులో ఆమె జానకి అయింది. భారతీయ ప్రేక్షకుల కోసం కథను మలిచినవాళ్ళకు ఒక సంగతి తెలుసు: పోటీలో గెలవడం ఒక్కటే మనకు చాలదు, ఓడిపోయి ఉన్నప్పుడు వెంట నిలిచినవాళ్ళ లెక్క తేలాలి. అన్న కోసం తమ్ముడు బరిలో దిగడం ఒక ఋణం తీర్చుకోవడమైతే, జానకిని గుర్తించడం మరో ఋణం తీర్చుకోవడం. రెండు ఋణాలూ ఒకే పోటీలో తీరడం ఈ కథనం సాధించిన పొందిక.

నకలును ప్రామాణిక చిత్రమని ఎలా అంటారని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసిందే. మూలం చెప్పకుండా కథ తీసుకోవడం మంచి అలవాటు కాదు. తొంభైల నాటి మన సినిమాల్లో అది విరివిగా జరిగింది, దాన్ని సమర్థించే పని ఈ వ్యాసానికి లేదు. అయితే ఒక సినిమా దాని జాతిలో ప్రామాణికమా కాదా అన్నది ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికంటే, తర్వాత వచ్చినవాటికి ఏం ఇచ్చిందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. తమిళ, కన్నడ దర్శకులు ఈ కథ కోసం హిందీ చిత్రం దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళు తీసింది ‘తమ్ముడు’నే. సైకిల్ పందెం వాళ్ళకు అందుబాటులో ఉన్నా కిక్‌బాక్సింగ్‌నే ఎంచుకున్నారు. ‘బద్రి’కి అరుణ్ ప్రసాద్ తానే దర్శకత్వం వహించాడు. తమిళ, కన్నడ చిత్రాలు రెండింటికీ సంగీతం రమణ గోగులదే. రోహిత్‌గా నటించిన భూపిందర్ సింగ్ తమిళంలోనూ అదే ప్రతినాయకుడు. దక్షిణాదిలో ఈ కథకు మూల ప్రతి తెలుగుదేనని ఇంతకంటే ఎలా చెప్పాలి?

ఆటను మార్చడానికి కారణం హీరో దగ్గరే ఉంది. పవన్ కల్యాణ్ చెన్నైలో షిహాన్ హుసైనీ దగ్గర కరాటే నేర్చుకున్నాడు. అతనికి చేతనైన విద్యనే పాత్రకు ఇచ్చారు. ‘ట్రావెలింగ్ సోల్జర్’ అనే ఇంగ్లీషు పాట మీద నడిచే సాధన ఘట్టంలో అతను చేసిన సాహసాలు, ముఖ్యంగా చేతి మీదుగా కారు చక్రం పోనిచ్చిన దృశ్యం, ఇప్పటికీ చెప్పుకుంటారు. మాటలు లేకుండా, ఇంగ్లీషు పాట మీద, ఒక తెలుగు సినిమా హీరో మారిపోవడాన్ని అంతసేపు చూపించడం అప్పటికి కొత్త. తమిళంలో విజయ్ కూడా ఆ ఘట్టాన్ని దాదాపు అదే తీరులో చేశాడు. ‘బద్రి’లో హీరోకు శిక్షణ ఇచ్చే గురువుగా నటించినవాడు షిహాన్ హుసైనీయే. తెలుగు హీరోకు నిజజీవితంలో గురువైనవాడు తమిళ హీరోకు తెర మీద గురువయ్యాడు. ఆయన 2025 మార్చిలో మరణించినప్పుడు పవన్ కల్యాణ్ తన శిష్యరికాన్ని గుర్తుచేసుకున్నాడు.

ఇక్కడ మరో అభ్యంతరం వస్తుంది. కిక్‌బాక్సింగ్ మన ఆట కాదు, విశాఖలోనూ లేదు, హోసూరులోనూ లేదు, అలాంటప్పుడు ఇది ఆటల సినిమా ఎలా అవుతుంది? కృష్ణగిరి జిల్లా పల్లెల్లో సంక్రాంతి తర్వాత జనం గుమిగూడేది ఎడ్లను వదిలి పరుగెత్తించే పండుగలకు. 2023 ఫిబ్రవరిలో హోసూరు దగ్గర ఆ పండుగ అనుమతి ఆలస్యమైనందుకు జనం బెంగళూరు రహదారిని దిగ్బంధం చేసేంత మమకారం దాని మీద ఉంది. కబడ్డీకి ఊరూరా జట్లున్నాయి. వాటి ముందు కిక్‌బాక్సింగ్ బయటి సరుకే. కానీ బయటి సరుకు కావడమే ఈ కథకు కలిసొచ్చింది. ఎడ్ల పరుగులో ఊరి పెద్దరికం ఉంటుంది, కులం పట్టింపు ఉంటుంది, ఫలానా ఊరి ఎద్దు అన్న పేరు ఉంటుంది. ఆ కథను విశాఖ నుంచి చెన్నైకి, అక్కడి నుంచి బెంగళూరుకు మోయాలంటే మూడుసార్లు మళ్ళీ రాయాలి. కాలేజీ కిక్‌బాక్సింగ్‌కు అలాంటి వేళ్ళు లేవు. చేతి తొడుగులూ తాళ్ళూ గంటా ఎక్కడైనా ఒకటే. ఆట ఎవరిదీ కాకపోవడంతో చూసేవాళ్ళ మనసు పాత్రల మీదకు పోయింది. ఆట వివరాలు, పాయింట్ల లెక్క, నియమాలు సినిమాలో చాలా పలచగా ఉన్నాయన్నది నిజం. ఆటను ప్రేమించేవాళ్ళకు అది వెలితే. ప్రేమకథకు మాత్రం అది అడ్డు కాలేదు.

అసలు ఇది ప్రేమ హాస్యమేనా, తండ్రీ కొడుకుల కథ కాదా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. చివరి ఘట్టంలో కన్నీళ్ళు తెప్పించేది తండ్రి గుర్తింపే. జానకి ప్రేమ అక్కడ రెండో వరసలో ఉంటుందని వాదించవచ్చు. కానీ తండ్రి గుర్తింపు ఎప్పుడు వస్తుంది? గెలిచాక. జానకి గుర్తింపు? గెలుపుకు ఎంతో ముందు. ఈ తేడాయే సినిమాను ప్రేమకథ చేస్తుంది. ఒక మనిషిని ఫలితం చూసి మెచ్చుకోవడం లోకం పద్ధతి, తండ్రులూ అందుకు మినహాయింపు కారు. ఫలితం రాకముందే నమ్మడం ప్రేమించినవాళ్ళ పద్ధతి. అరుణ్ ప్రసాద్ కథనం ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టింది. పైగా లవ్లీ, తండ్రి ఒకే రకం పొరపాటు చేస్తారు. ఆమె కారును చూసి మనిషిని అంచనా వేస్తుంది, ఆయన మార్కులను చూసి కొడుకును అంచనా వేస్తాడు. తండ్రి కథ కూడా ప్రేమకథలోని ప్రశ్ననే మరో గొంతుతో అడుగుతోంది. అందుకే చివరి పోటీలో రెండూ విడివిడిగా కాక ఒక్కసారే తెమిలిపోతాయి.

రీమేకుల సంగతికి వస్తే ముందు ఒక చిక్కుముడి విప్పాలి. 2000 ఏప్రిల్ 20న వచ్చిన తెలుగు ‘బద్రి’ వేరు, 2001 ఏప్రిల్ 12న వచ్చిన తమిళ ‘బద్రి’ వేరు. తెలుగు ‘బద్రి’ పూరి జగన్నాథ్ మొదటి సినిమా. అందులోనూ పవన్ కల్యాణే హీరో, రమణ గోగులే సంగీత దర్శకుడు. తమిళ ‘బద్రి’లో విజయ్, భూమిక, మోనాల్, రియాజ్ ఖాన్, వివేక్ నటించారు. అది ‘తమ్ముడు’కు రీమేక్. ఇక ‘తమ్ముడు’ను శివరాజ్‌కుమార్ హీరోగా కన్నడంలో ‘యువరాజ’ పేరుతో తీసినది తెలుగు ‘బద్రి’ దర్శకుడు పూరి జగన్నాథే. రెండు భాషల గోడ పత్రికలూ పక్కపక్కన కనిపించే హోసూరు లాంటి ఊళ్ళో పోస్టర్ మీద ‘బద్రి’ అని ఉంటే ఏ కథో చెప్పాలంటే హీరో బొమ్మ చూడాల్సిందే. తమిళ, కన్నడ చిత్రాలు రెండూ కథను పెద్దగా మార్చలేదు. మారినది హాస్యం పలికే తీరు. తమిళంలో వివేక్ రావడంతో కాలేజీ కుర్రాళ్ళ అల్లరిలో మాటల చమత్కారం పెరిగింది. తెలుగులో ఆ అల్లరి పవన్ కల్యాణ్ శరీర భాష మీద, అతను మధ్యలో ఎత్తుకునే జానపద పాటల మీద నడిచింది. ఈ విషయంలో తెలుగు చిత్రమే మెరుగని నా అభిప్రాయం. హీరో తానే నవ్వులపాలైతే ప్రేమ హాస్యం పండుతుంది. నవ్వించే పని పక్కవాడికి అప్పగిస్తే హీరో అబద్ధంలోని బేలతనం పలచబడుతుంది.

తెలుగు, తమిళ చిత్రాలు డబ్బింగ్ అయి అటూ ఇటూ తిరిగే రోజుల్లో రీమేకులు ఎందుకు అవసరమయ్యాయో కూడా చెప్పుకోవాలి. కన్నడ విషయంలో కారణం స్పష్టం. పరభాషా చిత్రాలను కన్నడంలోకి డబ్ చేయకూడదన్న కట్టుబాటు అక్కడి పరిశ్రమలో దశాబ్దాలపాటు నడిచింది. దాన్ని పోటీకి విరుద్ధమైన చర్యగా భావించి 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా కర్ణాటక సినీ సంఘాలకు జరిమానా విధించేదాకా ఆ కట్టుబాటు బలంగానే ఉంది. కాబట్టి తెలుగు కథ కన్నడంలో వినిపించాలంటే మళ్ళీ తీయడమే దారి. తమిళంలో అలాంటి కట్టుబాటు లేదు. అక్కడ రీమేక్ చేయడానికి కారణం తారలు. విజయ్‌కు అప్పటికి సొంత అభిమాన గణం ఏర్పడింది. వాళ్ళకు కావలసింది కథతో పాటు తమ హీరో. హోసూరు తెలుగువాళ్ళు మూల చిత్రాన్నే చూడగలరు కదా, వాళ్ళకు ఈ రీమేకులతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి భాష అయింది. ఆ తర్వాత పెరిగిన పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంటి భాష, సినిమా భాష, చదివే భాష మాత్రం తమిళం. ఒకే ఇంట్లో పెద్దవాళ్ళు ‘తమ్ముడు’ను, పిల్లలు టీవీలో ‘బద్రి’ని తమ సినిమాగా చెప్పుకునే వీలుంది. ఇద్దరూ ఒకే కథకు నవ్వుతారు, ఒకేచోట ఊపిరి బిగబడతారు. భాష మారినా ఆ చోట్లు మారకపోవడం ఈ వ్యాసం చెబుతున్న మాటకు సాక్ష్యం.

సినిమాలో ఒక లోపం ఉంది, దాన్ని రీమేకులు కూడా సరిదిద్దలేదు. అబద్ధం ఆడింది సుబ్బు, నిందపడింది లవ్లీ మీద. ఆమె డబ్బును ప్రేమించిందన్నది కథ ఆరోపణ. కానీ ఆమెను డబ్బుతోనే ఆకట్టుకోవాలని చూసినవాడు హీరోయే. మోసం తెలిశాక ఆమె కోపగించుకోవడంలో తప్పేముంది? అమెరికన్ చిత్రం ఈ దగ్గర ఎక్కువ న్యాయం చేసింది. అక్కడ అమ్మాయి చెంపదెబ్బ కొడుతుంది, ఆ దెబ్బ సరైనదేనని సినిమా ఒప్పుకుంటుంది. జానకి విషయంలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. ఆమె ఓపిక గొప్పదని చూపిస్తారు, ఆమెకంటూ ఒక ఆశయం, ఒక పని, ఒక ఆట ఇవ్వలేదు. ఆమె చూపు లేకపోతే కథ లేదు, అయినా కథ ఆమె వైపు నుంచి ఒక్కసారి కూడా నడవదు. ఈ కథకు ఇరుసుగా నిలబెట్టిన పాత్రకు ఇంత తక్కువ చోటు ఇవ్వడం బాధ కలిగిస్తుంది. ప్రీతి జంగియాని ముఖంలోని నిశ్శబ్దం ఆ లోటును కొంత పూడ్చింది. మరుసటి ఏడు ‘మొహబ్బతే’లో హిందీ ప్రేక్షకులు చూసింది కూడా ఆ నిశ్శబ్దాన్నే.

ఈ లోపాన్ని గుర్తించి మెరుగుపరిచింది ‘యువరాజ’ తీసిన పూరి జగన్నాథే కావడం యాదృచ్ఛికం అనిపించదు. 2003 ఏప్రిల్ 19న విడుదలైన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో మళ్ళీ కిక్‌బాక్సింగే ఉంది, మళ్ళీ తండ్రి దగ్గర విలువ నిరూపించుకోవలసిన కొడుకే ఉన్నాడు. రవితేజ కొడుకు, జయసుధ తల్లి, ప్రకాష్ రాజ్ విడిపోయిన తండ్రి. కానీ ప్రేమించిన అమ్మాయి ఇక్కడ మౌనంగా కూర్చోదు. ఆసిన్ పోషించిన తమిళ అమ్మాయి గలగలా మాట్లాడుతుంది, తన ఇష్టాన్ని తానే చెబుతుంది, తల్లి పోయిన కుర్రాడికి ఆసరాగా నిలుస్తుంది. ఆ పాత్రకు ఆసిన్ ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకుంది. ‘తమ్ముడు’లో చిన్ననాటి నేస్తం చేసిన పనిని ఈ సినిమాలో పొరుగు రాష్ట్రం అమ్మాయి చేసింది. తమిళ యాసలో పలికే తెలుగు అందులో హాస్యానికి ఆధారం. హైదరాబాదు ప్రేక్షకుడికి అది వింత. కృష్ణగిరి సంతలో రోజూ తెలుగులోంచి తమిళంలోకి, తమిళంలోంచి తెలుగులోకి జారిపోయేవాళ్ళకు అది ఇంటి మాట. ఈ కథను 2004లో ‘ఎం. కుమరన్ సన్ ఆఫ్ మహాలక్ష్మి’గా తమిళంలో తీసినప్పుడు ఒక చిక్కు వచ్చింది. తమిళ హీరోకు తమిళ అమ్మాయి పొరుగు కాదు. కాబట్టి అదే ఆసిన్ అక్కడ మలయాళీ అమ్మాయి అయింది. అదే ఏడు పునీత్ రాజ్‌కుమార్‌తో కన్నడంలో ‘మౌర్య’గా వచ్చింది. తమిళంలోకి వెళ్ళేటప్పుడు కిక్‌బాక్సింగ్‌ను మార్చవలసిన అవసరం రాలేదు, అమ్మాయి ఊరును మార్చవలసి వచ్చింది. ఈ కథల్లో ఏది మోసే దూలమో, ఏది పై పూతో అక్కడే తేలిపోతుంది.

ఆట గానీ పోరు గానీ మరీ ముందుకు వచ్చినప్పుడు ప్రేమ హాస్యం ఎలా వెనక్కి పోతుందో అదే కాలంలోని మరో జంట చిత్రాలు చూపిస్తాయి. 2003 సంక్రాంతికి వచ్చిన గుణశేఖర్ ‘ఒక్కడు’లో మహేష్ బాబు కబడ్డీ ఆటగాడు. ఆట కోసం కర్నూలు వెళ్ళి, భూమిక పోషించిన స్వప్నను కాపాడి, పాతబస్తీలోని తన ఇంట్లో దాస్తాడు. తమిళంలో 2004 ఏప్రిల్‌లో ‘గిల్లి’ అయింది, కర్నూలు స్థానంలో మధురై వచ్చింది. కన్నడంలో 2006లో ‘అజయ్’ అయింది. ఇందులోనూ ఇంట్లో దాచిన అమ్మాయి చుట్టూ చక్కటి హాస్యం ఉంది, కానీ ప్రతినాయకుడి తరుముడు దాన్ని మింగేస్తుంది. ఇది ఉత్కంఠ చిత్రంగా గొప్పది. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ‘గిల్లి’కి తమిళనాట దక్కిన ఆదరణ అందరూ చూశారు. ప్రేమ హాస్యంగా మాత్రం ‘తమ్ముడు’ సరసన నిలవదు. రగ్బీ మీద తీసిన రాజమౌళి ‘సై’ (2004)లో జట్టు పౌరుషమే ముఖ్యం. 2019లో ఒకే నెలలో వచ్చిన ‘మజిలీ’, ‘జెర్సీ’ రెండూ క్రికెట్ చిత్రాలు, రెండింటిలోనూ నవ్వు కంటే వేదన ఎక్కువ. అయినా ‘మజిలీ’ని గమనించాలి. అది కూడా విశాఖపట్నం కథే. ఆటలో ఓడిపోయిన కుర్రాణ్ణి చిన్నప్పటి నుంచీ మౌనంగా ప్రేమించే పక్కింటి అమ్మాయిగా సమంత నటించింది. ఇరవై ఏళ్ళ తర్వాత జానకి మళ్ళీ వచ్చినట్టే ఉంటుంది. ఈసారి ఆమెకు ఉద్యోగం ఉంది, ఇల్లు నడిపేది ఆమే, కథలో సగం ఆమెదే.

తెలుగు సినిమా చరిత్రను మనం హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, విజయవాడ నుంచి రాస్తూ వచ్చాం. రాష్ట్రం గీత దాటిన తెలుగు ప్రేక్షకులు ఆ చరిత్రలో వసూళ్ళ పట్టికల్లో ఒక గడిగా తప్ప కనిపించరు. ‘తమ్ముడు’, ‘బద్రి’, ‘యువరాజ’లను ముగ్గురు అన్నదమ్ముల్లా ఎరిగినవాళ్ళు హోసూరులో, సూళగిరిలో, వేపనపల్లిలో, కృష్ణగిరిలో ఉన్నారు. ఏ మాటకు ఏ భాషలో నవ్వు వచ్చిందో, ఏ పాట ఏ భాషలో నోట నిలిచిందో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే. హోసూరు కథకులు ఆ సీమ పలుకుబడిని కథల్లోకి తెచ్చిన తీరులోనే, అక్కడి సినిమా హాళ్ళ చరిత్రను, మూడు భాషల ప్రేక్షకుల ముచ్చట్లను కూడా తెలుగులో రాసి పెట్టాలి. 1999లో కాలేజీలో ఉన్నవాళ్ళు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. ఆ పని వాళ్ళతోనే మొదలుకావాలి.